తొణుకు

నా చేపల ట్రే మళ్ళీ కనిపించలేదు.
పెద్దది, ఒక మూల సొట్ట పడినది,
శుక్రవారాల్లో చేపలు కాల్చేది.
ఎక్కడుందో తెలుసు.
తరగతి గదిలో సముద్రమై ఉంటుంది.

ఆర్కనీ దీవుల్లో ఉత్తరాన చిట్టచివరి బడి మాది.
తొమ్మిదిమంది పిల్లలు, ఒక మాస్టారు, వంటకు నేను.
గాలిని హాజరుపట్టీలో రాయరు గాని
అది ఒక్కరోజూ బడి మానదు.

కిటికీ తీస్తే అసలు సముద్రమే ఉంది కదా,
ట్రేలో ఇంకొకటి దేనికని అడిగాను.
"అది మనం ఆగమంటే ఆగదు, మిసెస్ ఫ్లెట్"
అన్నాడు రెండల్ మాస్టారు.
నిజమే. దాని సంగతి నాకు చెప్పక్కర్లేదు.

ట్రేలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు.
ఒక కొసన ఎర్లెండ్ కూరలు తరిగే చెక్కను
(అదీ నాదే)
ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నాడు.
నడుమ ఒక సీసా బిరడా.
అల వచ్చింది, వెళ్ళింది.
బిరడా లేచింది, దిగింది, ఉన్నచోటే ఉంది.
"నీళ్ళు ప్రయాణం చెయ్యవు,
ఊపు ఒక్కటే చేస్తుంది" అన్నాడు మాస్టారు.
చిన్నవాడు మాన్సీకి నమ్మకం కుదరలేదు.
బిరడా మీద తన పేరు రాసుకొని మరీ వదిలాడు,
మధ్యలో ఎవరైనా మార్చేస్తారేమోనని.

తర్వాత అసలు పని.
పెరుగు కప్పు, అడుగున అయస్కాంతం,
రాగితీగ చుట్టిన గొట్టం, ఒక పాత మీటరు.
అల కప్పును ఊపాలి, కప్పు ముల్లును కదపాలి.

మొదటి కప్పు మునిగింది.
రెండోది పక్కకు ఒరిగి నిద్రపోయింది.
మూడోది బుద్ధిగా తేలింది గాని
ముల్లు మాత్రం ఆవులించను కూడా లేదు.
ఓడిన ప్రతి బొమ్మా గోడకెక్కుతుంది,
కింద ఎందుకు ఓడిందో ఒక్క వాక్యం.
మూడోదాని కింద థోరా రాసింది:
"తెలీదు."
మాస్టారు దాన్ని కొట్టెయ్యలేదు.

మధ్యాహ్నం బార్లీ సూప్ గిన్నె రెండు చేతుల్లో పట్టుకొని
వసారా వెంట వస్తున్నాను.
వెనక థోరా, కళ్ళు నా కాళ్ళ మీద.
"మీరలా ఎందుకు నడుస్తారు?"
"ఎలా?"
"మూడడుగులు. ఓ చిన్న ఆగడం. మళ్ళీ రెండు."
ముప్పై ఒక్కేళ్ళుగా నడుస్తున్నాను,
నాకే తెలీదు.

నిండు కుండ తొణకదంటారు.
అన్నవాళ్ళెవరో ఒక్కనాడూ దాన్ని మోసి ఉండరు.
"సూప్‌కి దాని ఊగు ఒకటి ఉంటుందే పిల్లా.
నా అడుగు దానికి జత కలిసిందా,
ఇక పట్టపగ్గాలుండవు,
అంచు దూకి నా జోళ్ళలో పడుతుంది.
అందుకే కలవనివ్వను."

థోరా నిలబడిపోయింది.
ముఖంలో ఏదో తొణికింది.
"మాకు కలవాలి," అంది.
"మిసెస్ ఫ్లెట్, మాకు కలవాలి!"
ఆ పూట ఆమె సూప్ చల్లారిపోయింది.

నన్నూ లాక్కెళ్ళి ట్రే పక్కన నిలబెట్టారు.
కప్పును వేలితో నొక్కి వదిలి
ఊగులు లెక్కపెట్టారు.
చెక్క ఊపులు లెక్కపెట్టారు.
కప్పుకి తొందరెక్కువ, అల నింపాది.
బరువు కావాలి. వంటింట్లోంచి పిండిముద్ద.
ఒకటి. చాల్లేదు. గోళీ అంత ఇంకొకటి.
ముల్లు వణికింది, పడుకుంది,
మళ్ళీ వణికింది,
ఉన్నట్టుండి ఆ చివరిదాకా పోయి టక్కుమంది.
ఎవరూ అరవలేదు.
ఎర్లెండ్ చెక్క ఆపడమే మరిచిపోయాడు.
"నా బిరడాకీ పిండి పెడతారా?" అని మాన్సీ.

సాయంత్రం ట్రే తోమాను.
నీటిమట్టానికి గీసిన గీత పోలేదు,
రెండుసార్లు తోమి వదిలేశాను.

మిగిలిన సూప్ క్యాన్‌లో పోసుకొని
ఒడ్డు దారిన ఇంటికి బయల్దేరాను.
ఎడమపక్క అసలుది, ఎవరి మాటా విననిది,
రాళ్ళ మీద తన లెక్క తాను పెట్టుకుంటోంది.
ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి
ఆగాల్సిన చోట ఆగలేదు.
కలవనిచ్చాను.

మూత ఎగిరింది.
సగం దారి మీద, సగం నా కోటు మీద,
నలభై అడుగుల వరకూ బార్లీ గింజలు.